టెవిన్ తరఫున హాజరు

మా ఊరి జైలు ఎదుట వరసగా నాలుగు బెయిల్ దుకాణాలున్నాయి. లోపల పడ్డ కొడుకు కోసం పరుగెత్తుకొచ్చిన తల్లి ఎవరైనా ముందు కనబడ్డ తలుపే తోస్తుంది. ఎర్లీన్ హాడ్నాట్ అలా చెయ్యలేదు. బడి వంటగదిలో కట్టుకునే ఏప్రన్ కూడా విప్పకుండా వచ్చి, ఒక్కో దుకాణంలోకీ వెళ్లి ఒకటే అడిగింది. "మావాడు వాయిదాకి ఆలస్యమైతే ముందు నాకు ఫోన్ చేస్తారా, తుపాకీ ఇచ్చి మనిషిని పంపిస్తారా?"

మొదటి మూడు చోట్లా నవ్వారట. నాలుగోది మాది. మా యజమాని రాయ్స్ టిమ్మన్స్ నవ్వలేదు. ముందు మీకే చేస్తాం, కూర్చోండి అన్నాడు. చేస్తాం అన్నాడే గాని చేసేదాన్ని నేను. ఈ దుకాణంలో ఫోనూ కాగితాలూ ఏళ్ల తరబడి నా నెత్తి మీదే ఉన్నాయి.

ఆమె కొడుకు టెవిన్ టైర్ల షాపులో పనిచేసేవాడు. ఒక సాయంత్రం ఎవరిదో షెడ్డు పగలగొట్టి జనరేటర్లు ఎత్తుకుపోతే, టెవిన్ లాంటి మనిషిని అక్కడ చూశానని ఒకాయన చెప్పాడు. టెవిన్ లాంటి మనిషట! ఆ లెక్కన మా పేటలో సగంమంది కుర్రాళ్లు లోపలుండాలి. ఆ సాయంత్రం వాడు అక్కడ లేనే లేడని తల్లి మొత్తుకుంది. అదేదో కోర్టులో చెప్పుకోమన్నారు పోలీసులు. ఆ మాటే పట్టుకుంది ఎర్లీన్.

రాయ్స్ ఆమెకు అంతా విడమరిచి చెప్పాడు. జడ్జి అడిగిన సొమ్ములో పదో వంతు మాకిస్తే, మొత్తానికి మేం పూచీ పడతాం. ఆ పదో వంతు మా కూలి, కేసు గెలిచినా ఓడినా తిరిగి రాదు. పిలిచిన ప్రతి వాయిదాకీ కుర్రాడు రావాలి. రాకపోతే కోర్టు మా మెడ పట్టుకుంటుంది, మేం సంతకం పెట్టినవాళ్ల మెడ పట్టుకుంటాం. అందుకు ఆమె ఇల్లు తాకట్టు.

ఎర్లీన్ కలం పట్టుకుని కాగితం చివరిదాకా చదివింది. "అంటే నేను సంతకం పెట్టేది డబ్బుకి కాదు. వాడొస్తాడని."

అంతేనన్నాడు రాయ్స్. ఇన్నేళ్లలో ఆ కాగితాన్ని అలా చదివిన మనిషిని నేను చూడలేదు.

బెయిల్ మీద ఉన్నవాళ్లంతా ప్రతి మంగళవారం మాకు ఫోన్ చెయ్యాలి. నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. అడ్రస్ మారిందా, పని మారిందా, వాయిదా ఎప్పుడో గుర్తుందా. అందరూ విసుక్కుంటారు. టెవిన్ మాత్రం నవ్వుతూ మాట్లాడేవాడు. "మిస్ నెల్డా, నేను పారిపోవాలంటే ముందు మా అమ్మని దాటాలి. ఆవిడ గుమ్మంలోనే కూర్చుంది," అనేవాడు. వెనక నుంచి, సరిగ్గా జవాబు చెప్పరా అని ఆమె కసురు వినబడేది.

ప్రతి వాయిదాకీ ఆమే కారు నడుపుకుంటూ వాణ్ణి తీసుకొచ్చేది. చర్చికి వేసుకునే నీలం గౌను, దానికి తగ్గ టోపీ. వాడికి గంజిపెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా. ఒకసారి సాక్షి రాలేదన్నారు. ఒకసారి సర్కారు వకీలు సిద్ధంగా లేడన్నారు. ఇంకోసారి టెవిన్‌కి కోర్టు ఇచ్చిన వకీలే మారిపోయాడు. వాయిదా మీద వాయిదా పడి ఏడాది దాటింది. నాకు ఒళ్లు మండిపోయేది గాని ఆమె నోరు జారేది కాదు. "నా వంతు వస్తుంది తల్లీ. బైబిల్ మీద చెయ్యేసి ఆ సాయంత్రం వాడెక్కడున్నాడో నేనే చెప్తాను," అనేది. కోర్టులో తప్ప ఎవరితోనూ అనొద్దని వకీలు అన్నాడట. అందుకని ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో నాతో కూడా ఎన్నడూ అనలేదు.

ఆ వసంతంలో ఒక మంగళవారం ఫోను మోగింది. ఎత్తితే ఎర్లీన్. టెవిన్ తరఫున చేస్తున్నానంది. వాడు పనిలో ఉన్నాడేమో అనుకుని అలవాటు కొద్దీ అడిగాను, అడ్రస్ మారిందా అని.

"మారింది తల్లీ. పైన్ గ్రోవ్ శ్మశానం. వాళ్ల నాన్న పక్కనే."

హైవే పక్కన కలప లారీకి టైరు మారుస్తుంటే వెనక నుంచి ఇంకో బండి వచ్చి గుద్దిందట. నేను రెండో ప్రశ్న అడగలేకపోయాను. ఆమే చెప్పింది, వాయిదా మాత్రం గుర్తుందని.

నేను మజ్జిగ పై అనే తీపి వంటకం చేసి పట్టుకుని రాయ్స్‌తో కలిసి వాళ్లింటికి వెళ్లాను. రాయ్స్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మరణ ధ్రువపత్రం ఇస్తే కోర్టులో దాఖలు చేస్తామనీ, కేసు మూసేస్తారనీ, ఇల్లు విడుదలవుతుందనీ నెమ్మదిగా చెప్పాడు.

"మూసేస్తే వాడు చేశాడో లేదో ఎవరు చెప్తారు?"

"ఎవరూ చెప్పరు మిస్ ఎర్లీన్."

"అయితే ఇవ్వను. కోర్టులో నన్ను అడిగాక ఇస్తాను."

పేరు పిలిచినప్పుడు ఎవరూ పలక్కపోతే ఇంటి మీదికి వస్తుందని రాయ్స్ నచ్చజెప్పాడు, బతిమాలాడు. నేనూ బతిమాలాను. ఆమె మాకు ఆ మజ్జిగ పై కోసి పెట్టింది గాని ఆ కాగితం ఇవ్వలేదు.

వాయిదా రోజు పొద్దున్నే కోర్టు హాల్లో మేమిద్దరం ఆమెకు చెరోపక్కా కూర్చున్నాం. అదే నీలం గౌను, అదే టోపీ. గుమాస్తా వరసగా పేర్లు చదువుతూ వచ్చాడు. టెవిన్ హాడ్నాట్ అన్నాడు.

ఎర్లీన్ లేచి నిలబడింది. "హాజరు."

జడ్జి తలెత్తి చూశాడు. "మీరెవరమ్మా?"

"వాడి తల్లినండి. వాడొస్తాడని సంతకం పెట్టాను. వాడు రాలేడు కాబట్టి నేనొచ్చాను." చేతిసంచీలోంచి ధ్రువపత్రం తీసి, నడిచి వెళ్లి ఇచ్చింది.

జడ్జి అది చదివి కళ్లద్దాలు తీశాడు. సానుభూతి చెప్పాడు. కేసు ఇంతటితో ముగిసిందన్నాడు.

"అంటే వాడు చెయ్యలేదనా అండీ?"

"కేసు ముగిసిందని, అంతేనమ్మా."

"ఆ సాయంత్రం వాడు మా..."

"ఇప్పుడవన్నీ మీరు చెప్పక్కర్లేదమ్మా. వెళ్లి విశ్రాంతి తీసుకోండి."

మెత్తగానే అన్నాడు. అరిచి ఉంటే నేను తిరిగి అరిచేదాన్నేమో. ఆమె బైబిల్ ఉన్న బల్ల వంక ఒకసారి చూసి వెనక్కి తిరిగింది. అప్పటికే గుమాస్తా ఇంకో పేరు పిలిచాడు.

బయట మెట్ల మీద రాయ్స్, ఇంటి కాగితాలు త్వరలోనే పంపిస్తానన్నాడు. ఆమె విన్నట్టు లేదు. కారు తలుపు తీసి, టెవిన్ కూర్చునే పక్క సీటు మీద టోపీ పెట్టి వెళ్లిపోయింది. నేను దుకాణానికి వచ్చి మరుగుదొడ్లో తలుపేసుకుని ఏడ్చాను.

తర్వాతి మంగళవారం మళ్లీ ఫోను మోగింది. అవతల మాటలేదు, ఊపిరి మాత్రం వినబడుతోంది. ఎవరో తెలిసిపోయింది. ఇక చెయ్యక్కర్లేదని చెప్పాలి నేను. పద్ధతి అదే. కానీ నా మూడు ప్రశ్నలూ పక్కనపెట్టి, కోర్టు అడగనిది అడిగాను.

"ఆ సాయంత్రం టెవిన్ ఎక్కడున్నాడు మిస్ ఎర్లీన్?"

అవతల కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడైంది.

"ఇంట్లోనే ఉన్నాడు తల్లీ. వంటింటి వెనక గదిలో నీళ్ల హీటరు బాగుచేస్తున్నాడు. పొద్దున్నించీ చన్నీళ్లే వస్తున్నాయని నేనే పోరుపెట్టాను. చెయ్యి కాల్చుకున్నాడు, వెన్న రాశాను. చీకటిపడే దాకా నేల మీదే పడుకుని బిగించాడు. వేడినీళ్లు ఇప్పటికీ వస్తున్నాయి."