ముందేగారి మూడో ఎర్రచుక్క

ఆయన అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. నీళ్ళ పంపులు తయారుచేసే ఆ కంపెనీలో గేటు దగ్గర కాపలావాడి నుంచి పై అంతస్తులో మేనేజరు దాకా అందరికీ ఆయన ముందేగారే. ఎవరైనా ఆదరాబాదరాగా వచ్చి ఫలానా బెల్టు తెగేలా ఉందనో, ఫలానా వాల్వు కారుతోందనో చెప్పబోతే, ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, “ముందే తెప్పించా, మూడో అరలో ఉంది, తీసుకెళ్ళు” అనేవాడు. ఇరవై ఆరేళ్ళు ఇదే మాట. పేరు పెట్టకుండా ఎలా ఉంటారు?

ఉద్యోగం కొనుగోళ్ళ విభాగంలో. పనికి ఆయనదంటూ ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని ఫ్యాక్టరీలో యంత్రాలుండే షాపులన్నీ ఒక చుట్టు చుట్టేవాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. ఒక్కో యంత్రం దగ్గర రెండు నిమిషాలు నిలబడి, తల పక్కకి వంచి వింటాడు, అంతే. లేతు కొత్తగా దగ్గుతోందనో, కంప్రెసరు ఆయాసపడుతోందనో అనిపిస్తే సీటు దగ్గరికొచ్చి ఫోనెత్తి ఆ భాగానికి ఆర్డరు చెప్పేసేవాడు. అది రావడానికి పది రోజులు, ఆ యంత్రం మొరాయించడానికి పన్నెండు రోజులు. ఆ మధ్య ఉన్న రెండు రోజుల్లోనే ఆయన జీవితమంతా గడిచింది.

ఇంట్లోనూ ఇదే వరస. భార్య బట్టలు కుడుతుంది. ఆవిడ మిషను మీద దారం అయిపోవడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అలిగి పుట్టింటికి పోదామని పెట్టె సర్దుకుంటే, ఈయన ముందే బస్సు టిక్కెట్టు కొని ఉంచాడట. ఆ దెబ్బకి అలక కూడా మర్చిపోయానని ఆవిడే చెప్పి నవ్వుతుంది.

ఇలా కడుపులో చల్ల కదలకుండా సాగుతున్న రోజుల్లో కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ కొంది. ఎవరు ఏం కొంటున్నారో, ఎందుకు కొంటున్నారో, ఎవరు ఒప్పుకున్నారో అంతా యాజమాన్యానికి కూర్చున్న చోటే కనబడాలని కొన్నారు. దాన్ని కొనడానికి మాత్రం ఎవరినీ మూడు కొటేషన్లు అడగలేదని తరవాత తెలిసింది, అది వేరే కథ. మేనేజరు గదిలో గోడంత తెర పెట్టారు. దాని మీద అందరి పేర్లూ, పేరు పక్కన చుక్కలూ. పచ్చ చుక్క సవ్యం, పసుపు చుక్క అనుమానం, ఎర్రచుక్క తప్పు. నెల తిరక్కుండానే క్యాంటీన్లో పలకరింపులు మారిపోయాయి. ఆరోగ్యం ఎలా ఉందని ఎవరూ అడగడం లేదు, రంగు ఎలా ఉందని అడుగుతున్నారు.

శిక్షణ ఇవ్వడానికి ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ నవ్వు. ముందు షాపువాళ్ళు తెర మీద అడగాలి, ఆ షాపు ఇన్‌ఛార్జి ఒప్పుకోవాలి, ఆ తరవాతే కొనాలి, అని చెప్పాడు. ఎవరూ అడగకుండా కొనాలంటే ‘నేరుగా కొనుగోలు’ అని ఒక బటన్ ఉంది, కానీ నొక్కినప్పుడల్లా నొక్కినవాడి పేరు పక్కన ఒక ఎర్రచుక్క పడుతుంది. ఏడాదిలో మూడు పడితే సీటు మారుతుంది. ముందేగారు మెల్లగా చెయ్యెత్తాడు. యంత్రం పాడవబోతోందని తెలిస్తే ఏం చెయ్యాలని అడిగాడు.

“పాడవబోతోందని ఎవరు చెప్పారు సార్?” అన్నాడు శిక్షకుడు.

“యంత్రమే చెబుతుంది.”

గదిలో అందరూ నవ్వారు. శిక్షకుడు నవ్వలేదు. పుస్తకంలో ఏదో రాసుకుని, “యంత్రానికి లాగిన్ ఉందా సార్?” అని నిజంగానే అడిగాడు.

మొదటి ఎర్రచుక్క మొదటి వారంలోనే పడింది. పాత అలవాటు కొద్దీ గ్రీజు డబ్బాలు ముందే తెప్పించాడు. రెండోది బెల్టుల మీద పడింది. బెల్టులమ్మే ఆయన దుకాణం మరమ్మతుల కోసం నెల్లాళ్ళు మూసేస్తున్నాడని తెలిసి, ఆగలేక నొక్కేశాడు. రిటైర్ కావడానికి ఇంకా మూడేళ్ళుంది. మేనేజరు పిలిచి, మీ మంచికే చెబుతున్నాను, ఇంకొకటి పడితే నా చేతిలో ఏమీ ఉండదు అన్నాడు. ముందేగారు బుద్ధిగా తలూపి వచ్చేశాడు. ఆ మర్నాటి నుంచి టీ సీటు దగ్గరే తాగాడు. షాపుల్లోకి వెళితే చెవులు వింటాయి, వింటే చెయ్యి ఊరుకోదు. అందుకని వెళ్ళడమే మానేశాడు.

యంత్రాలు ఆగడం మొదలుపెట్టాయి.

ముందు కంప్రెసరు ఆగింది. అందరూ పరుగులు పెట్టారు. తెర మీద అత్యవసర విన్నపం పడింది, పదకొండు నిమిషాల్లో అనుమతి వచ్చింది, ముందేగారు అరగంటలో ఆర్డరు పెట్టాడు, నాలుగోరోజుకి భాగం వచ్చింది. ఆ నాలుగు రోజులూ సగం ఫ్యాక్టరీ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంది. అయితేనేం, ‘అత్యవసర కొనుగోలు వేగంగా పూర్తి’ అని ఆయన పేరు పక్కన పచ్చ చుక్క వెలిగింది. సమావేశంలో మేనేజరు చప్పట్లు కొట్టించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడని పెద్దవాళ్ళు ఎద్దేవా చేస్తారు. ఈ తెరకి మాత్రం ఆకులు ఎంత వేగంగా పట్టుకున్నాడన్నదే లెక్క. నాలుగు నెలల్లో ఐదు యంత్రాలు ఆగాయి, ఐదు పచ్చ చుక్కలు పడ్డాయి.

ఆ సంగతి ఇంట్లో చెబితే భార్య కుట్టుపని ఆపకుండానే, ఇదివరకు ఏడాదికి ఎన్ని ఆగేవని అడిగింది. ఆగేవి కాదన్నాడు. మరప్పుడు చప్పట్లు కొట్టేవాళ్ళా అంది. ముందేగారు కాస్త ఆలోచించి, “దేనికి కొడతారే? ఏం జరిగిందని?” అన్నాడు. చెప్పాక ఆ మాట ఆయనకే చేదుగా తగిలింది.

అలా చెవులు మూసుకుని మూడేళ్ళూ గడిపేసేవాడేమో. కానీ కాగితాలుండవని చెప్పి తెచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌కి ప్రతి శుక్రవారం ఒక కాగితం మీద ఇన్‌ఛార్జి సంతకం కావాలి. ఆ సంతకం కోసం ఒక శుక్రవారం ప్రెస్ షాపులోకి వెళ్ళాడు. అక్కడ రేకులకి చిల్లులు కొట్టే పెద్ద ప్రెస్సు ఉంది. దాని మీద పనిచేసే అమ్మాయి ఆయన్ని బాబాయ్ అంటుంది. నోటితో ఎంత మాట్లాడుతుందో చేతులతోనూ అంతే మాట్లాడుతుంది. రేకు పెడుతుంది, పెడలు తొక్కుతుంది, పైనున్న దిమ్మ ధన్‌మని పడి మళ్ళీ పైకి పోయి టక్‌మని ఆగుతుంది, ఆవిడ రెండు చేతులూ లోపలికి పెట్టి రేకు తీస్తుంది. మళ్ళీ రేకు, మళ్ళీ పెడలు.

ఆ టక్ ఆలస్యంగా వస్తోంది.

ముందేగారు కాగితం పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. దిమ్మని పైన పట్టి ఆపేది ఒక బ్రేకు పట్టా. అది అరిగి నున్నబడితే దిమ్మ పైన ఆగదు, ఎవరూ తొక్కకుండానే ఇంకోసారి కిందికి వస్తుంది. అది వచ్చేసరికి ఆవిడ చేతులు లోపలే ఉంటాయి.

ఇన్‌ఛార్జికి చెప్పాడు. ఇన్‌ఛార్జి చెడ్డవాడేం కాదు, తెర తెరిచి చూపించాడు. యంత్రం ఆగిందా అని అడిగింది తెర. ఆగలేదని నొక్కితే, ఇది అత్యవసరం కాదు, ఆగిన తరవాత విన్నపం పెట్టండి అంది. ఆ పట్టా మార్చాల్సిన తేదీ ఇంకా నాలుగు నెలల దూరంలో ఉంది, అంతకు ముందు తేదీ వేస్తే ఫారం తీసుకోవడం లేదు. కాదూ కూడదని పట్టుబట్టి మార్పిస్తే షాపుకి పసుపు చుక్క పడుతుంది. పదకొండు వారాలుగా పచ్చగా ఉన్న షాపుని మీ చెవి కోసం పసుపు చేసుకోమంటారా అన్నాడు ఇన్‌ఛార్జి.

అక్కడి నుంచి మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. మేనేజరు గోడకేసి చూసి, ఆ ప్రెస్సు ఆరోగ్యం నూటికి తొంభై ఎనిమిది ఉంది కదండీ అన్నాడు. ఒక్కసారి కిందికి వచ్చి వినమని బతిమాలాడు ముందేగారు. వచ్చేవాడినేననీ, అవతల భద్రతా వారోత్సవాల మీటింగు ఉందనీ మేనేజరు ఫైలు పట్టుకుని లేచాడు.

సాయంత్రం ఇంట్లో ముందేగారు టీ ముట్టుకోలేదు. అంతా విన్న భార్య, ఆ అమ్మాయికి చెప్పకపోయారా అంది. చెబితే ఏం లాభం, ఆవిడ తొక్కనంటే రేపు ఆ స్టూలు మీద ఇంకొకరిని కూర్చోబెడతారు అన్నాడు. ఇన్నేళ్ళ నుంచి ఉన్న సీటని, అది పోతే జనంలో తలెత్తుకోలేనని కూడా అన్నాడు. భార్య మిషను ఆపింది.

“మీ సీటు పోతే ఇంకో సీటు ఇస్తారు” అంది. మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి బటన్ నొక్కాడు. మీరు నిజంగానే కొనదలచారా అని తెర అడిగింది. అవునని నొక్కాడు. ఎర్రచుక్క పడింది. వెంటనే పట్టాలమ్మే ముసలాయనకి ఫోన్ చేసి, సాయంత్రంలోపు అందాలన్నాడు. ఆదివారం ఇన్‌ఛార్జి రాడు. పాత స్నేహితుడైన ఫిట్టరుని వెంటబెట్టుకుని వెళ్ళి, నూనె మార్పు అని పుస్తకంలో రాయించి, ఆ పూటకి ప్రెస్సు ఆపించాడు. విప్పి చూస్తే పాత పట్టా అద్దంలా నున్నగా ఉంది, రెండు రివెట్లు ఊడిపోయాయి, అడ్డంగా వేలెడు పగులు. ఫిట్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఇంకో వారం ఆగేది కాదన్నాడు. ఇద్దరూ కలిసి కొత్త పట్టా బిగించారు.

సోమవారం మేనేజరు గదికి పిలుపు వచ్చింది. శిక్షకుడూ ఉన్నాడు. కొనకపోయి ఉంటే ఏం జరిగేదో చెప్పండి, నేను పైవాళ్ళకి రాస్తాను, అన్నాడు మేనేజరు మర్యాదగానే. ముందేగారు సంచిలోంచి వార్తాపత్రికలో చుట్టిన పాత పట్టా తీసి బల్ల మీద పెట్టాడు. మేనేజరు ఆ పగులు చూశాడు. యంత్రాల మధ్య పెరిగినవాడే కాబట్టి ఆయన ముఖంలో రంగు మారింది. ఇస్త్రీ చొక్కా మాత్రం దాన్ని చేత్తో ముట్టుకోకుండా వంగి చూసి, “ఇది గేటు దాటి బయటికి వెళ్ళిందా సార్?” అన్నాడు.

నిన్న ఇంటికి తీసుకెళ్ళానన్నాడు ముందేగారు.

విప్పిన భాగాలు తుక్కు పద్దులో ఎక్కకుండా గేటు దాటకూడదట. దానికి ఇంకో ఎర్రచుక్క పడింది. అప్పటికీ మేనేజరు, ప్రమాదం తప్పించారని మంచిమాట ఎక్కడైనా రాయమని శిక్షకుడికి చెప్పాడు. శిక్షకుడు పాపం నిజంగానే వెతికాడు. ప్రమాదం తేదీ, గాయపడినవారి పేరు, గాయం ఎక్కడ అనే మూడు గడులూ నింపితే గాని ఆ ఫారం ముందుకు కదలడం లేదు.

“జరగనిదాన్ని రాయడానికి గడి లేదు సార్” అన్నాడు చివరికి.

ముందేగారి బదిలీ ఉత్తరువు మూడో చుక్క పడిన నిమిషంలోనే సాఫ్ట్‌వేర్ తనంతట తానే పంపేసింది. ఫ్యాక్టరీ వెనక తుక్కు షెడ్డుకి. అక్కడ ఒక బల్ల, ఒక స్టూలు, నిలువెత్తు తుప్పు. వినడానికి ఒక్క యంత్రం కూడా లేదు. మొదటి రెండు రోజులూ ఆయనకి ఏడుపొచ్చినంత పనయింది.

మూడోరోజు భోజనాల వేళ ప్రెస్సు అమ్మాయి విసవిసా నడుచుకుంటూ వచ్చింది.

“ఆదివారం నా ప్రెస్సు ఆపించింది నువ్వేనటగా బాబాయ్. నూనె మార్చడానికి ఇంకో రోజే దొరకలేదా నీకు?”

“తప్పయిపోయిందమ్మా.”

అంటే సరిపోయిందా అని ఆవిడ కుడిచెయ్యి ముందుకు చాపి, తనకి జరిగిన అన్యాయాలు ఒక్కొక్కటే చెబుతూ ఒక్కో వేలు మడవసాగింది. ఓవర్‌టైమని నాలుగింటికే లేచింది. పిల్లని అక్క ఇంట్లో దింపింది. రెండు బస్సులు మారింది. వానలో తడిసింది. తీరా వస్తే గేటు దగ్గరే తిప్పి పంపేశారు. కుడిచెయ్యి అయిపోయింది. ముందేగారు ఊపిరి బిగబట్టి ఎడమచేతికేసి చూశాడు. కట్టుకున్న డబ్బాలో అన్నం పాడైంది. తిరిగి వెళ్ళడానికి బస్సు దొరకలేదు. అక్క చిన్నబుచ్చుకుంది. ఇంటాయన దెప్పాడు. పదోది చప్పున గుర్తురాక, చిటికెన వేలు అలాగే గాల్లో పెట్టి ఆలోచిస్తోంది.

ఇరవై ఆరేళ్ళలో ఏ చప్పట్లకీ ఆయనకి ఇంత సంతోషం కలగలేదు. స్టూలు మీద నుంచి లేచి, దాన్ని కండువాతో దులిపి ఆవిడ ముందుకి జరిపాడు.

“తొందరేం లేదు, కూర్చుని తిట్టమ్మా” అన్నాడు.