శ్రావణి నోట్‌బుక్‌లో ఖాళీలు

2023 చివర్లో సిరిసిల్లలోని ఒక సర్కారు బడిలో పదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. సిలబస్ వెనకబడిందని సాయంత్రం ఆరింటికి ఆన్‌లైన్ క్లాసు మొదలుపెట్టాను. బోర్డు ముందు ఫోన్ నిలబెట్టి చెప్పడమే. మాది కోరుట్ల దగ్గర వ్యవసాయం చేసే ఇల్లు, నాది పొలంలో పిలిస్తే గట్టు దాటే గొంతు. దాని మీద నాకు నమ్మకం కూడా ఎక్కువే.

మొదటి రోజే ఎవరి ఫోన్ నుంచో చెవులు పగిలే మోత. పిల్లలు నవ్వారు. "గా మోత ఎవలదో, మ్యూట్ చేసుకోండి" అని గదిమి, క్లాసు గ్రూపులోనూ అదే రాసి పెట్టాను. మ్యూట్ అంటే మన వైపు శబ్దం అవతలికి పోకుండా ఆపడం. మోత ఆగిపోయింది. ఆ తర్వాత శ్రావణి అనే అమ్మాయి ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. ఫోన్ పెట్టేసి ఎటో పోతోందనుకున్నాను. వారం చూసి, బడిలో కనబడినా ఒక్క మాట అడక్కుండా, క్లాసు గ్రూపులోంచి ఆమె పేరు తీసేశాను. నాకు కోపం ముందొస్తుంది, ఆలోచన తర్వాత.

మర్నాడు వాళ్లమ్మ శ్రావణిని వెంటబెట్టుకొని బడికొచ్చింది.

"క్లాసుల నుంచి తీసేసిన్రట గద మేడం. ఇగ సదువు బంద్ జేసి కండెలు సుట్టుమంటుండు వాళ్ల బాపు" అంది. కండెలంటే సాంచాల్లో పెట్టే నూలు చుట్టలు. పవర్‌లూమ్‌లను ఇక్కడ సాంచాలంటారు.

"క్లాసు వింటే గదమ్మా. పిలిస్తే పలుకది" అన్నాను.

శ్రావణి నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టింది. బోర్డు మీద నేను రాసిందంతా ఉంది. కానీ ప్రతి లెక్కలోనూ మధ్యమధ్య రెండు మూడు వరసలు ఖాళీ.

"గివేంది?"

"గక్కడ మీరు రాయలే మేడం, నోటితోనే చెప్పిన్రు. ఇంట్ల నాలుగు సాంచాలు నడుస్తయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా ఇనవడది. మ్యూట్ తీస్తే అందరికి మోత అస్తది గదా అని తియ్యలే."

వర్గ సమీకరణాల్లో అసలు కీలకమంతా ఆ ఖాళీల్లోనే ఉంది. చాలా సిగ్గేసింది. "తప్పు నాదే బిడ్డా" అన్నాను, వాళ్లమ్మ ముందే. అక్కడే మళ్లీ గ్రూపులో చేర్చాను.

ఆ సాయంత్రం నుంచి ప్రతి మెట్టూ బోర్డు మీద రాశాను. జవాబులు చాట్‌లో, అంటే తెర పక్కన అక్షరాల్లో, పంపమన్నాను. శ్రావణిదే అందరికంటే ముందు వచ్చేది. "మా ఇంట్ల గూడ సాంచాలే మేడం" అని ఇంకో ఇద్దరు రాశారు. మొదటి రోజు నవ్వినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

ఫలితాల రోజు శ్రావణి ఫోన్ చేసింది.

"పాసైన మేడం. లెక్కలల్లనే ఎక్కువ అచ్చినయి."

ప్రతి మాటా స్పష్టంగా వినబడింది. మోత ఏమైందని అడిగాను.

"మీకు మంచిగ ఇనవడాలెనని బాపు సాంచాలన్ని బంద్ చేసిండు."

కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పటికీ ఏ వీడియో పాఠమైనా పిల్లలకు పంపేముందు శబ్దం తీసేసి ఒకసారి చూసుకుంటాను. అర్థం కాని చోట మళ్లీ రాస్తాను. ఈ అలవాటు ఆ అమ్మాయి నాకు పెట్టిన భిక్ష.