ఏ నీళ్లు తాగిందో అడగాలి

అబూధాబి పక్కన మఫ్రఖ్‌లో ఆసుపత్రి సిబ్బంది క్వార్టర్స్ వెనక చిన్న తోట ఉంది. నాలుగు వేపచెట్లు, వరసగా కత్తిరించిన కంచె మొక్కలు, మధ్యలో పచ్చగడ్డి. నా భార్య ఆ ఆసుపత్రిలో నర్సు. నేను హైదరాబాద్‌లో ఒక దినపత్రిక డెస్కులో చాలా ఏళ్లు పనిచేసి, మానేసి, ఆమె దగ్గరికి వచ్చాను. ఇంట్లో కూర్చుని అనువాదాలు చేసుకుంటాను. నా బల్ల కిటికీ పక్కనే ఉండటంతో తోటలో ఎవరు వచ్చినా, ఎవరు వెళ్లినా నాకు తెలుస్తుంది.

కరోనా తగ్గాక రెండో చలికాలానికి ముందు, తోటపని కంపెనీ బస్సులో ఒక కొత్త మనిషి వచ్చాడు. అరవై దగ్గర పడ్డవాడు, సన్నగా ఉన్నాడు. టోపీ కింద మెడ మీదికి తువ్వాలు వేలాడేసుకున్నాడు. కలుపు తీయడం ఆయన పని. తక్కినవాళ్లు పీకిన మొక్కను పీకినట్టే సంచిలో వేసేవాళ్లు. ఈయన మాత్రం ప్రతిదాన్నీ గోటితో కొంచెం గిల్లి, ముక్కు దగ్గర పెట్టుకుని, వేరు ఒకసారి చూసి, అప్పుడు సంచిలో వేసేవాడు. మధ్యమధ్యలో పెదాలు కదిలేవి. కొన్నాళ్లు చూసి ఒకరోజు కిందికి దిగాను.

"పెద్దాయనా, మీరు తెలుగువాళ్లేనా?"

"తెలుగే సారూ. ఎట్ల గుర్తువట్టిన్రు?"

"మొక్కలతో మాట్లాడుతున్నారు కదా. తెలుగులోనే వినపడింది."

ఆయన నవ్వాడు. "మాట్లాడ్త లేను సారూ, తిడుతున్న. ఇంత దూరం నా ఎనకాల్నే వచ్చినవేందే నువ్వు గూడ, అని."

ఆయన నల్లమల చెంచు. కృష్ణకు తెలంగాణ వైపు ఒడ్డున, అడవి అంచు పల్లె. వాళ్లమ్మ చుట్టుపక్కల పల్లెలకు ఆకుమందు ఇచ్చేదట. హైదరాబాద్‌లో ఉన్న మేనల్లుడు ఏజెంటు దగ్గర కుదిర్చిన వీసా మీద ఇక్కడికి వచ్చాడు. దుబాయ్‌లో విమానం దిగి బస్సెక్కినప్పుడు చెట్టూ చేమా లేని దేశంలో పడ్డానని భయపడ్డాడట. అబూధాబి దారిలో రోడ్డు పక్కన ఒక చెట్టు కనిపించేసరికి సీట్లోంచి లేచి నిలబడ్డాడట.

"జమ్మి సారూ! మా జమ్మిచెట్టే. ఈడోళ్లు గాఫ్ అంటరు. దుబాయ్‌ల జమ్మి ఉన్నదని నాకు ఒక్కడన్న జెప్పలే."

ఆ రోజు నుంచి ఈ దేశంతో తనకు చుట్టరికం కుదిరిందన్నట్టు మాట్లాడేవాడు. జిల్లేడును పలకరించాడు. రేగును పలకరించాడు. తడి తగిలే మళ్లలో మన ఊరి కలుపంతా ఉందని, తాను రోజూ మందులే పీకి సంచిలో వేస్తున్నానని చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన మొహంలో బాధ ఏమీ లేదు. కలుపు తీయకపోతే ముదీర్, అంటే మేనేజరు, ఊరుకోడు కదా అన్నాడు.

ఆ మాటలు విన్న ఉత్సాహంలో నేనొక పని చేశాను. కంచె పక్క మడిలో గంగవాయిలి కూర దట్టంగా పరుచుకుని ఉంది. దాన్ని తిని ఎన్నేళ్లయిందో. రెండు పిడికిళ్లు తెంపుకొచ్చి, కడిగి, పప్పులో వేసి, నా భార్య డ్యూటీ నుంచి వచ్చేసరికి తాలింపు పెడదామని ఉంచి, కిటికీలోంచి గొప్పగా చెప్పాను.

"పెద్దాయనా, మీ కలుపు మా పప్పులో పడింది."

ఆయన చేతిలో పార అక్కడే వదిలేశాడు. "తిన్నరా?"

"ఇంకా లేదు."

"పారెయ్యిన్రి సారూ. గిన్నె గూడ మంచిగ తోమున్రి. ఓసారి కిందికి రాన్రి."

వెళ్లాను. ఆయన మడి అంచున వంగి, మట్టిలో సగం కూరుకున్న ఊదారంగు పైపును పైకెత్తి చూపించాడు. పక్కనే చిన్న బోర్డు. అరబిక్‌లో, ఇంగ్లిష్‌లో, ఉర్దూలో ఒకటే మాట: తాగడానికి పనికిరాదు. ఊళ్లోని మురుగునీటిని శుద్ధి చేసి చెట్లకు పంపే పైపు అది. నా కిటికీకి ఎదురుగానే ఉంది. ఏడాదిగా చూస్తున్నాను.

"చెట్లకు మంచి నీళ్లే సారూ. మనకు గాదు. పైనుంచి వారానికోసారి పురుగుల మందు గూడ కొడ్తం. మా అమ్మ ఆకు తెంపకముందే అడుగుతుండె, ఇది ఏం నీళ్లు తాగిందిరా, అని. వాగు నీళ్లా, చెలిమ నీళ్లా, బర్రెలు పండుకునే మడుగు నీళ్లా? అది తెల్వకుంట చెయ్యి వెట్టనియ్యకపోతుండె."

సాయంత్రం నా భార్య ఈ కథ విని కుర్చీలో కూలబడి నవ్వింది. "జీవితమంతా ఊరి తప్పులు దిద్దారు. కళ్లముందు బోర్డు చదవలేకపోయారా?"

పై అంతస్తులో ఇంకో నర్సు ఉంటుంది. కోనసీమ నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. వాళ్లమ్మాయి పదో తరగతి, ఇక్కడే పుట్టి పెరిగింది. స్కూల్లో స్థానికంగా పెరిగే ఐదు మొక్కల పేర్లు, ఉపయోగాలు రాసుకురమ్మన్నారని నా దగ్గరికి వచ్చింది. నేను పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పని మూడింటికి అయిపోతుంది. బస్సు వచ్చేదాకా వేపచెట్టు కింద కూర్చునే ఆ అరగంటే ఆయన తీరిక.

"తాతగారూ, ఐదు మొక్కల పేర్లు చెప్పండి చాలు," అంది పిల్ల, ఫోన్ తెరిచి పట్టుకుని.

"తాతగారు! ఇగో సారూ, మనం గూడ గారు అయినం," అని నాతో అని, పిల్ల వైపు తిరిగాడు. "ఎన్ని దినాలల్ల గావాలె బిడ్డా?"

"మూడు."

"మూడు దినాలల్ల ఐదా? నాకు రాదు బిడ్డా. నాలుగు నెలలల్ల ఒక్కటి జెప్త."

పిల్ల మూతి ముడుచుకుంది. ఆయన పక్కనుంచి రెండు ఆకులు తెంపి, కళ్లు మూసుకోమని, ఒకదాని తర్వాత ఒకటి నలిపి వాసన చూపించాడు. ఏది ఏదో చెప్పమన్నాడు. మూడుసార్లు తప్పు చెప్పింది. ఆమె తన ప్రాజెక్టును ఇంటర్నెట్‌లో చూసి రాసేసి మార్కులు తెచ్చుకుంది. కానీ మర్నాడు మూడింటికి మళ్లీ వేపచెట్టు కిందికి వచ్చింది. ఆ మర్నాడు కూడా.

వాళ్లింటి పద్ధతి గురించి ఆయన నాకు విడిగా చెప్పాడు. అడిగినవాళ్లకే నేర్పాలి. అడగనివాళ్లకు చెప్పకూడదు. నేర్చుకునేవాళ్లకు మొక్కను మొలక నుంచి కాయ ఎండేదాకా చూపించాలి. పేరు అన్నిటికంటే చివర. ఆ తర్వాతే మందు. అందులోనూ ఎవరికి ఇవ్వకూడదో ముందు చెప్పాలి. వాళ్లమ్మ ఆయనకూ ఆయన అక్కకూ అలాగే నేర్పింది. అక్క పోయింది. మేనల్లుళ్లు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల దగ్గర కాపలా ఉన్నారు.

"ఇరవై ఏండ్లల్ల నన్ను అడిగింది ఈ పిల్ల ఒక్కతే సారూ. నాతోనే పోతదేమో అనుకున్న. ఏప్రిల్ ఆఖరుకు నా అగ్రిమెంటు అయిపోతది. గంతల ఒక్క చెట్టన్న చేతిల వెట్టి పోవాలె."

నేను పనిచేసిన చోట పేరూ ఊరూ మొదటి పేరాలోనే ఉండాలి. లేకపోతే కాపీ వెనక్కి వచ్చేది. ఆయన పద్ధతి దానికి సరిగ్గా తలకిందులు. ఆయన మీది గౌరవంతో ఆ మొక్క పేరు నేనూ చివరే రాస్తాను.

డిసెంబర్‌లో ఒక రాత్రి వాన పడింది. పది రోజులకు ఆయన పిల్లను తోట గోడ అవతలికి తీసుకెళ్లాడు. ఖాళీ ఇసుక నేల. అక్కడక్కడా సన్నటి మొలకలు. ఒకదాని చుట్టూ గులకరాళ్లు గుండ్రంగా పేర్చి, "ఇది నీది. దినాం వచ్చి చూడు," అన్నాడు. నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "ఇదేందో మీకు ఎరుకే సారూ. మీ నోట్లకెల్లి రావద్దు." చూడగానే గుర్తుపట్టాను. చిన్నప్పుడు చెప్పులు లేకుండా తిరిగినవాడెవడూ దాన్ని మర్చిపోడు.

పిల్ల ఒక నోటుపుస్తకం పెట్టింది. మొదటి పేజీ పేరు కోసం ఖాళీగా ఉంచింది. ఫోన్‌తో ఫొటో తీసి చూస్తే ఏదో లాటిన్ పేరు వచ్చిందట. వచ్చి చెప్పింది.

"వాసన చూసిందా నీ ఫోను?" అన్నాడు పెద్దాయన.

"ఫోన్‌కి ముక్కు ఉండదు కదా తాతగారూ."

"మరి దానికెట్ల తెల్సు? ఆకులు జంటగ ఉన్నయి గద. రెండు ఒక్క తీరున్నయా?"

పిల్ల పరుగెత్తి చూసి వచ్చింది. జంటలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండు వారాలుగా బొమ్మ గీస్తూ ఆమె రెంటినీ సమానంగానే గీసింది.

ఫిబ్రవరిలో ఆయన పూవు ఏ రంగని అడిగాడు. ఇంకా పూయలేదంది. పూసిందన్నాడు. పూయలేదని పంతం పట్టింది. "శనివారం పొద్దుగాల చూసి మాట్లాడు," అన్నాడు. శనివారం ఉదయం వెళ్లి చూస్తే పసుప్పచ్చటి చిన్న పూలు, ఐదేసి రేకులు. మధ్యాహ్నానికి ముడుచుకుపోతాయి. స్కూలు నుంచి వచ్చేసరికి ఉండవు. ఆ రోజు మా తలుపు కొట్టి మరీ చెప్పింది.

వాళ్లమ్మకు మొదట్లో ఇదంతా నచ్చలేదు. "ఆకులూ అలమలూ తెచ్చి నా స్టవ్వు మీద మరిగించావంటే ఊరుకోను," అని బాల్కనీలోంచి కేకేసేది. ఒకరోజు డ్యూటీ లేక కిందికి వచ్చి కూర్చుంది. కడుపుతో ఉన్నవాళ్లకూ, పసివాళ్లకూ, ముందే డాక్టర్ మందు వాడుతున్నవాళ్లకూ ఆకుమందు జోలికి పోవద్దని పెద్దాయన పిల్ల చేత వల్లె వేయిస్తున్నాడు.

"మా వార్డులో కూడా ముందు అడిగేది అదేనండి పెద్దాయనా," అంది ఆమె. "ఏం పడదో చెప్పమ్మా అని."

"మరి మనిద్దరిది ఒక్కటే నౌకరి గదమ్మా. నీకు ఫ్యానున్నది, నాకు లేదు."

ఆ తర్వాత ఆమె రోజూ ఒక ఫ్లాస్కు టీ కిందికి పంపేది.

మార్చి రెండో వారంలో ఆయన పార పట్టుకోకుండా నా కిటికీ కిందికి వచ్చి నిలబడ్డాడు.

"ముదీర్ పిలిచిండు సారూ. తోట వేరే కంపెనీకి పోయిందంట. నాకు ఇంకో తాన పని లేదన్నడు. ఖలాస్. పది దినాలల్ల టికెటు."

ఇంటికి వెళ్తున్నందుకు ఆయనకు బాధ లేదు. రావలసిన డబ్బు వస్తోంది, మనవరాలిని చూస్తాడు. కానీ గోడ అవతల మొక్కకు ఇంకా పూలే ఉన్నాయి. కాయలు గట్టిపడని పచ్చి బుడిపెలు. ఎండటానికి నెల పైగా పడుతుంది. పిల్లకు చెప్పినప్పుడు ఆమె పైకి వెళ్లిపోయింది. కాసేపటికి తల్లి దిగి వచ్చింది.

"చెప్పేయండి పెద్దాయనా. పేరే కదా. పిల్ల అన్నం ముట్టట్లేదు."

ఆయన తువ్వాలు మెడ మీంచి తీసి మడతపెట్టాడు. చెప్పేస్తే బాగుండునని నాకూ అనిపించింది. ఆయనకూ అనిపించే ఉంటుంది.

"ఇప్పుడు జెప్తె పేరు ఒస్తదమ్మా. చెట్టు రాదు. మా అమ్మ నాకు గట్ల ఇయ్యలే."

వెళ్లే రోజు బస్సు దగ్గర పిల్లకు ఒక కాగితం ముక్క ఇచ్చాడు. దాని మీద ఫోన్ నంబరు.

"కాయ ఎండినంక ఫోన్ జెయ్యి. అప్పటిదాంక చెయ్యకు."

"ఈలోపు ఎవరైనా పీకేస్తే?"

"ఇంకోటి మొలుస్తది. వాన వడేదాంక ఆగు."

"అంటే వచ్చే ఏడాదా!"

"చెట్టుకు లేని తొందర నీకెందుకు బిడ్డా?"

"యల్లా, యల్లా చాచా," అని డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆయన ఎక్కి కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు. మొహం జమ్మిచెట్లుండే రోడ్డు వైపే ఉంది.

ఏప్రిల్‌లో గాలి దుమారం వచ్చి రాళ్లు సగం పూడిపోయాయి. పిల్ల వేళ్లతో ఇసుక తోడి మొక్కను బయటపెట్టింది. ఒక సాయంత్రం ఆమె కుంటుకుంటూ, నవ్వుకుంటూ, చెప్పు చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చింది. చెప్పు అడుగున నాలుగైదు ముళ్లకాయలు గుచ్చుకుని ఉన్నాయి. ఒకటి పక్కనుంచి మడమలో దిగింది.

"అంకుల్, ఎండిపోయింది! ఫోన్ చేద్దామా?"

ఈ దేశంలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు. వీడియో లేదు. నా ఫోన్ నుంచి మామూలు కాల్ చేశాం. మూడోసారికి దొరికాడు. సిగ్నల్ కోసం బండ మీదికి ఎక్కానని ఆయాసపడుతూ చెప్పాడు. చూపించడానికి వీల్లేదు కాబట్టి అన్నీ మాటల్లోనే చెప్పాలి.

"ముందుగాల జెప్పు. యాడ మొల్చింది? ఏం నీళ్లు తాగింది?"

"గోడ అవతల, ఇసుకలో. డిసెంబర్‌లో ఒక్క రాత్రి వాన తాతగారూ. తర్వాత పొద్దుటి మంచు. పైపు గోడకి ఇవతలే ఆగిపోయింది, నేను చూశాను."

"మందు కొట్టిన్రా?"

"అటు ఎవరూ రారు."

ఆకు అడిగాడు. జంటలో చిన్నదీ పెద్దదీ చెప్పింది. పూవు అడిగాడు. శనివారం పొద్దున అంది, ఆయన నవ్వు ఫోన్‌లోంచి మాకు వినపడింది. కాయ అడిగాడు. ఆమె ఒకటి అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, వేలితో తడుముతూ చెప్పింది. ఐదు ముక్కలు, ఒక్కో ముక్కకు రెండు పెద్ద ముళ్లు, ఎటు తిప్పినా ఒక ముల్లు పైకే ఉంటుంది.

 

"పల్లేరు బిడ్డా. దాని పేరు పల్లేరు."

"పల్లేరు," అంది పిల్ల. ఇంకోసారి అంది.

వాళ్లమ్మ అప్పటికే పై నుంచి దిగి వచ్చి, చిన్న పట్టుకారుతో ఆ పిల్ల మడమ పట్టుకుని నేల మీద కూర్చుంది. "మందు మొక్కని నేర్పించి నా కూతురి కాలికే దింపారా పెద్దాయనా," అంది ఫోన్ వైపు వంగి.

"తీసినంక పారెయ్యకు తల్లీ," అన్నాడు ఆయన. "ఆ గోడ అవుతలనే యెయ్యి."

పిల్ల నోటుపుస్తకం తెరిచింది. మొదటి పేజీ వైపు వెళ్లి, ఆగి, రాసుకున్నంత మేరా పేజీలు తిప్పి, ఆఖరి గీత కింద ఆ పేరు రాసింది.