తొంభై నిమిషాల కాసెట్

ఆ రోజుల్లో, అంటే ఇంట్లో పాటలు పాడే టేప్‌రికార్డరే కంప్యూటర్‌కు కూడా దిక్కైన రోజుల్లో, నా అంత తెలివైనవాడు విశాఖపట్నంలో లేడని నా గట్టి నమ్మకం. ఒక చిన్న ప్రైవేటు బడిలో కంప్యూటర్ మాస్టారిని. బడి వార్షికోత్సవంలో కంప్యూటర్ చేత పిల్లలకు లెక్కల పరీక్ష పెట్టించి చూపిస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. రెండు నెలలు కూర్చుని ప్రోగ్రాం రాశాను. స్విచ్ ఆపితే రాసిందంతా మాయం కాబట్టి, దాన్ని కీచుమనే చప్పుడుగా మార్చి కాసెట్‌లోకి ఎక్కించి దాచుకోవాలి.

కాసెట్ కొనడానికి పూర్ణా మార్కెట్‌కి వెళ్తుంటే, భీమిలిలో మైకుసెట్టు నడిపే మా అక్క మొగుడు వెంట వచ్చాడు. "పొడుగు టేపు వద్దు బావా, పలసగుంటాది, సాగిపోద్ది. సిన్నది తీసుకో" అన్నాడు. "ఇది పెళ్లి పాటలకి కాదు, కంప్యూటర్‌కి" అని, బంగారు రంగు అట్ట ఉన్న తొంభై నిమిషాలది కొన్నాను. (నా ప్రోగ్రాం నిడివి మూడు నిమిషాలు. ఇంకో కాసెట్‌లో నకలు పెట్టుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.)

వార్షికోత్సవం నాడు, ప్రోగ్రాంని తిరిగి కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి, అందరి ముందూ టేప్‌రికార్డర్ మీట నొక్కాను. కీచుమని మొదలైన చప్పుడు కాసేపటికి మూలుగులోకి దిగి ఆగిపోయింది. తెర మీద ఏమీ రాలేదు. తెరిచి చూస్తే టేపు లోపల చుట్టుకుపోయి ఉంది. "ఏటి మాస్టారూ, పిల్లిని గాని పెట్టీసినారా లోపల?" అన్నారు కరస్పాండెంటు గారు. పిల్లలు నవ్వారు. వేసవి సెలవుల తర్వాత నన్ను రానక్కర్లేదన్నారు, కంప్యూటర్‌ని బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ కాసెట్ పట్టుకుని బస్సెక్కి భీమిలి వెళ్లాను. బావ కాసెట్ మరలు విప్పాడు. నలిగిన టేపును వేళ్లతో సాపు చేసి, తెగినచోట అతికించి, "పాటైతే అతుకు తెలీదు. నీదానికి ఒక్క ముక్క పోయినా పోయినట్టేనేటి?" అన్నాడు. అవునన్నాను. అయినా తన పెద్ద స్పీకరుకు తగిలించి పెట్టాడు. ఆ కీచుమోత వాకిలంతా నిండింది. మా అక్క చెవులు మూసుకుని లోపలికి పోయింది. అతను మాత్రం కళ్లు మూసుకుని చివరిదాకా విని, "ఇదంతా నువ్వు రాసిందేనా? సానా కష్టపడ్డావు బావా" అన్నాడు.

వెక్కిరిస్తున్నాడనుకుని అన్నం కూడా తినకుండా వచ్చేశాను. కాదని అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది; అప్పటికి చెప్పుకుందామంటే బావ లేడు. ఆ తర్వాత ఎన్నో ప్రోగ్రాములు రాశాను, అన్నీ చక్కగానే నడిచాయి. కళ్లు మూసుకుని విన్నవాళ్లు మాత్రం ఇంకెవరూ లేరు.