పది నెత్తిన నాలుగు

నీటి పరీక్షల ల్యాబులో గ్రాఫులు గీసే ఆవిడను అందరూ గీతలక్కయ్య అంటారు. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, తెరకు ముక్కు ఆనించినట్టు కూర్చుని కోడ్ రాస్తుంది. గ్రాఫు రాగానే గీత ఎటు పోయిందో చూడదు. ముందు పక్కనున్న అంకెలు చూస్తుంది. గడిగడికీ పది రెట్లు పెరిగే గ్రాఫుల్లో కంప్యూటరు తనంతట తాను పది వేసి, దాని నెత్తిన చిన్న మూడో నాలుగో పెడుతుంది. "ఇది మనుషులు చదివేదేనా?" అని విసుక్కుంటూ కోడ్ మార్చి, అన్నీ విడమరిచి రాయిస్తుంది. ఒకదాని మీదొకటి ఎక్కిన అంకెల్ని బస్సులో జనాన్ని సర్దినట్టు ఎడంగా జరుపుతుంది.

మొన్న తొందరలో ఒక గ్రాఫును అలాగే వదిలేసి ఈతకొలను మేనేజరు దగ్గరికి పట్టుకెళ్లింది. ఆయన ప్యాంటు మడిచి, నీళ్లలో కాళ్లాడిస్తూ చూశాడు. "క్రిములు పోయిన వారం మూడు, ఈ వారం నాలుగు. అంతేగా మేడమ్! ఈ మాత్రానికి కొలను మూసేస్తే రేపు పిల్లలు నా ప్రాణం తీస్తారు." అక్కయ్య గట్టు మీదే చతికిలబడి, కోడ్‌లో ఒక్క వరుస మార్చి, ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. అంకెలు పోయి మాటలొచ్చాయి. ఆయన కింది నుంచి చదివాడు: "వంద... వెయ్యి... గ్లాసుడు నీళ్లలో పదివేలా?" మాట పూర్తయ్యేలోగా కాళ్లు రెండూ పైకొచ్చేశాయి. "టవలు! ముందు టవలు ఇలా ఇవ్వండి!" ఆవిడ తెర మీంచి కళ్లు తిప్పలేదు. "ఆగండి సార్, పదివేలు కాస్త అంచుకు తగులుతోంది, జరపాలి."