బాండీలో ఉడికిన చొక్కా

పాతబట్ట పారేయడమంటే జంపక్కకు ప్రాణం పోయినంత పని. జూలూరుపాడు దాటి అడవిలోకి పోతే వచ్చే ఆ గూడెంలో ఆమె బట్టలకు రంగు వేసిపెట్టని ఇల్లు లేదు. మోదుగులు పూసినప్పుడే పూలు ఏరి ఎండబెట్టుకునేది. వెలిసిపోయిన బట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, తర్వాత ఆ పూలు వేసి సత్తు గిన్నెలో ఉడికించేది. మరకలు కనపడకుండా పోయి బట్ట పసుపుపచ్చగా తేలేది. దుప్పటైనా పంచైనా ఇంకో ఏడాది గడిచిపోయేది. అందుకే ఆ గూడెంలో ఏ దండెం మీద చూసినా పసుపే.

రెండు వేల మూడు ఎండాకాలంలో ఆ సత్తు గిన్నెకు చిల్లు పడింది. మొగుడు చిరంజీవి తెల్లచొక్కా చూస్తే మట్టిపట్టి తెలుపన్న మాటే మరచిపోయింది. ఇప్పపువ్వు వేయించే పెద్ద ఇనుప బాండీ ఖాళీగానే ఉంది కదా అని అందులో ఉడికించింది. చొక్కా ముదురు ఆకుపచ్చగా వచ్చింది. కరక్కాయ ఎక్కువైందేమో అనుకుంది.

"ఏందే ఇది? ఈ రంగు ఎవరేసుకుంటరో ఎరుకలేదా? నాకొద్దు" అన్నాడు చిరంజీవి.

"తునికాకు కోసేటోని చొక్కా ఎవడు జూస్తడు? మరక గూడ కనబడది. ఏస్కో."

తుపాకులు పట్టిన దళంవాళ్ల రంగది. అడవిలో పసిపిల్లకు కూడా తెలుసు, జంపక్కకూ తెలుసు. కానీ గట్టిగా ఉన్న చొక్కాను మూలన పడేయడం ఆమె వల్ల కాలేదు. ఆమెతో వాదించి గెలవడం చిరంజీవి వల్ల కాలేదు.

గాలింపుకు వచ్చిన పోలీసులు తునికాకు కట్టతో సహా అతన్ని క్యాంపుకు పట్టుకుపోయారు. కబురు తెలిసి జంపక్క పరుగెత్తింది.

"దళపోళ్ల చొక్కా ఇది. ఎవరిచ్చిండ్రు?" అన్నాడు క్యాంపు ఆఫీసరు.

"ఎవరియ్యలే సారూ. నేనే ఇంట్ల రంగేసిన, నీ బాంచెన్."

"అట్లనా? అయితే నా ముందర ఏసి చూపియ్. గదే రంగొస్తే నీ మొగుణ్ణి ఇప్పుడే తోల్కపో."

ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంటికి ఉరికి పూలు, కరక్కాయలు, ఒక వెలిసిన తెల్లగుడ్డ తెచ్చింది. క్యాంపు వంటమనిషి ఒక సత్తు గిన్నె ఇచ్చాడు. చేతులు వెనక్కి కట్టిన చిరంజీవిని వరండాలో కూర్చోబెట్టారు. జవాన్లంతా తమాషా చూడటానికి చుట్టూ చేరారు. నీళ్లు మరిగాయి. గుడ్డ పైకి తీసింది. పసుపు. నిగనిగలాడే పసుపు.

"ఏందే, పెండ్లి పెట్టుకున్నవా?" అన్నారెవరో. అందరూ పగలబడి నవ్వారు.

కరక్కాయ ఇంకా వేసింది, పూలు ఇంకా వేసింది. కట్టె వెతికే ఓపిక లేక మరిగే నీళ్లలో చెయ్యి పెట్టి కలిపింది. ఇంకా పసుపెక్కింది. పక్కింటి శ్యామలను పిలిపించి, ఈమె వేసే రంగేమిటని అడిగారు.

"పసుపే సారూ. ఎప్పుడైనా గదే" అంది శ్యామల. ఉన్నమాటే చెప్పింది పాపం, ఆమెనేమనగలం?

"ఇంటికి పో జంపా" అన్నాడు చిరంజీవి, తల ఎత్తకుండా.

ఇంటికి పోయినా ఆమెకు కాలు నిలవలేదు. పొయ్యి వెలిగించి, వేరే గిన్నె లేక బాండీలోనే ఇంకో గుడ్డ ఉడికించింది. చూస్తుండగానే గుడ్డ ఆకుపచ్చగా తిరిగింది. తప్పు పూలది కాదు, కరక్కాయది కాదు. ఇనుముది. జంపక్క పొయ్యి ముందు కూలబడి తల బాదుకుంది.

తెల్లవారగానే మిగిలిన పూలన్నీ మూటగట్టి, బాండీ నెత్తిన పెట్టుకుని క్యాంపుకు పోయింది. ఆఫీసరు ముందే ఉడికించింది. అదే రంగు. అతను గుడ్డను వేళ్లతో నలిపి చూశాడు.

"నిజమే చెప్పినవ్."

"మరి తోల్కపోనా సారూ?"

అతను జవాన్ల మంచాల వైపు చూశాడు. "మంచి రంగు. మా దుప్పట్లన్నీ ఎలిసిపోయినయ్. గవి ఏసిపెట్టు. అయినంక మాట్లాడుదాం."

ఇంతేనా అనుకుంది పిచ్చిది. పుట్టి బుద్ధెరిగినాక ఏ బట్టకూ అంత శ్రద్ధగా రంగు వేయలేదు. ఎక్కడా మచ్చ పడకుండా ఒక్కో దుప్పటి తిప్పి తిప్పి ఉడికించింది, పిండింది, ఆరేసింది. నిన్న కాలిన చేతి బొబ్బలు చిట్లి మండుతున్నా ఆపలేదు. దుప్పటి ఆరేసినప్పుడల్లా మూసి ఉన్న లాకప్పు గది తలుపు వైపు చూసేది. పొద్దు వాలేసరికి క్యాంపు వాకిలంతా ఆకుపచ్చ దుప్పట్లే.

చేతులు కడుక్కుని, తడిచేత్తో జుట్టు సర్దుకుని వంటమనిషి దగ్గరికి పోయింది.

"అయిపోయినయన్నా. మా ఆయనను బయటికి తోలమని చెప్పు."

అతను గరిటె కింద పెట్టాడు. "ఆయనేడున్నడక్కా? రాత్రే జైలుకు తోలిండ్రు. దెబ్బలకోర్వలేక దళపోణ్ణే అని ఒప్పుకున్నడు."

"గట్లనా? సారుకు ఎరుకలేదేమో. పొద్దున నాతోని అననే లేదు."

"సారే జీపెక్కిచ్చిండక్కా."