మునిగిన ఓడలోని కప్పు

విజయవాడలో మా పక్కింటి టీచరుగారు పాత ఓడల సామాన్లు సేకరించేవారు. వేలంలో కొన్న చెంచాలు, గిన్నెలు బీరువాలో దాచకుండా రోజూ వాడేవారు. వాటిలో, మునిగిపోయిన ఒక ప్రయాణికుల ఓడలోంచి తీసిన పింగాణీ కప్పు ఉండేది. దాన్ని మళ్ళీ వేలానికి పెడదామని అడగడానికి ఓసారి చెన్నై నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. నేను అక్కడ కూర్చుని ఉండగానే, ఆవిడ ఆ కప్పులోనే కాఫీ పోసి అతనికిచ్చారు.

అతను కంగారుపడ్డాడు. "ఇంత అపురూపమైన దాంట్లో కాఫీ ఏంటండీ! పగిలితే?"

"పగిలితే పగులుద్దిలెండి," అన్నారావిడ. "ఆ రోజు దీంట్లో తాగుతున్నవాళ్ళు సగంలో వదిలేసి పరిగెత్తుంటారు. మీరైనా నిదానంగా తాగండి."

అతను కప్పును రెండు చేతులతో పట్టుకుని చివరి గుక్క దాకా తాగాడు. బేరం మాట ఎత్తకుండానే లేచి, ఆవిడకు నమస్కారం పెట్టాడు.